వెనక సీటు బెల్టు

రైలు పట్టాల కింద నుంచి ఆసుపత్రి వైపు పోయే సొరంగం దారికి చెడ్డపేరుంది. పగలు మామూలే. చీకటి పడితే మాత్రం, ఎంత తొందర పనున్నా సరే, జనం చుట్టూ తిరిగే పోతారు. సొరంగం మధ్యకు రాగానే బండి దానంతటదే నెమ్మదిస్తుందట... వెనక తలుపు తీసి వేసిన చప్పుడవుతుందట... ఆ తరవాత బండి కాస్త కిందికి కుంగుతుందట— ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

కళ్ళద్దాల షాపాయన ఒక రాత్రి ఆ దారినే పోవాల్సొచ్చింది.

ఆయన్ని అందరూ గేరాయన అనేవాళ్ళు. చూపు పరీక్షకని వచ్చినవాళ్ళు గోడమీది అక్షరాలు కూడబలుక్కునేలోపే కార్ల మీద తన అభిప్రాయాలన్నీ చెప్పేసేవాడు. క్లచ్ లేని కారు కారే కాదు. కారులో టీవీ అంత స్క్రీను పెట్టడమంటే తోలేవాడి కళ్ళకు గంతలు కట్టడమే. కంపెనీలవాళ్ళు పాత బండికి కొత్త మూతి తగిలించి, పేరు మార్చి, మన నెత్తిన రుద్దుతున్నారు. ఎదుటివాడి కళ్ళలోకి పెద్ద లైట్లు కొట్టేవాణ్ణి అదే లైటు ముందు రాత్రంతా కూర్చోబెట్టాలి...

ఆయన పాత కారంటే ఆయనకు ప్రాణం. భార్య మాత్రం అందులో ఎక్కడం మానేసి చాలా కాలమైంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేది. కారు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుందని ఆవిడకు భయం, అందుకే ఎక్కదు— అని ఆయన అనుకునేవాడు. పక్క సీటు ఖాళీగా కనిపించినప్పుడల్లా ఆయన దాని మీది దుమ్ము దులిపేవాడు.

ఆ రాత్రి ఆవిడ ఫోను చేసింది. "బస్సు చెడిపోయిందటండీ. గేటు దగ్గర ఒక్కదాన్నే ఉన్నాను."

ఇన్నాళ్ళకు పిలిచింది! పరుగున వెళ్ళి తాళం తిప్పాడు. పాత కారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఇక చేసేదిలేక బావమరిదికి ఫోను కొట్టాడు. వాడు కార్ల షోరూంలో అమ్మకాలు చూసేవాడు. షోరూం కొత్త కారే వేసుకుని వచ్చాడు. స్టీరింగు మాత్రం గేరాయనే లాక్కున్నాడు.

"చుట్టుదారి తవ్వేశారు బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "సొరంగమే గతి."

"దెయ్యాలకు భయపడతామేంట్రా! నా భయమంతా ఈ స్క్రీనంటేనే. ఏంటిది?"

"ముందు మనిషి ఎవరున్నా దీంట్లో బొమ్మ పడుతుంది బావా. బండి దానంతటదే బ్రేకు వేసుకుంటుంది."

"నాకు కళ్ళు లేవనా?"

సొరంగంలోకి దిగారు. లైట్ల వెలుగులో రోడ్డు ఖాళీగా ఉంది. ఒక్క పురుగు లేదు. సరిగ్గా మధ్యకు రాగానే— బ్రేకు పడింది. గేరాయన కాలు దాని మీద లేనేలేదు.

స్క్రీను మీద మనిషి బొమ్మ.

ముందు అద్దంలోంచి రోడ్డు మీదికి చూశాడు... ఎవరూ లేరు. స్క్రీను చూశాడు... ఉన్నాడు. బొమ్మ మెల్లగా పక్కకు జరిగింది. కారు పక్కగా నడిచింది. వెనక్కి పోయింది.

వెనక తలుపు చప్పుడైంది. కారు కుంగింది.

బావమరిది గట్టిగా కళ్ళు మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. చేతిలో ఫోను ఎక్కడో జారిపోయింది.

అప్పుడు మొదలైంది— టింగ్... టింగ్... టింగ్... వెనక ఎడమ సీటులో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదట. ఖాళీ సీటు!

గేరాయన వెనక్కి తిరిగి చూడలేదు. కానీ ఏళ్ళ తరబడి పట్టుకున్న అలవాటు ఊరుకోదు కదా. "వెనక... వెనక కూర్చున్నా సరే... బెల్టు పెట్టుకోవాలండీ," అన్నాడు.

టింగ్... టింగ్...

క్లిక్.

టింగు ఆగిపోయింది.

బండి దానంతటదే కదిలింది. సొరంగం దాటాక వెనక నుంచి గుసగుసగా ఒక గొంతు— "ఇంకో మాట... టైర్లలో గాలి చూసుకోకుండా బండి తీసేవాడు మనిషే కాదు..."

గేరాయనకు ఒళ్ళంతా చెమటలు. అయినా మాట సబబుగానే తోచింది. తెలియకుండానే తలాడించాడు.

"...క్లచ్ లేని బండి బండే కాదు..."

"అవునండీ! నేనూ అదే—"

గొంతు ఆయన మాట వినిపించుకోలేదు. రంగు మీద చెప్పింది. హారను మీద చెప్పింది. బంపర్లు అప్పడాల్లా విరుగుతున్నాయని చెప్పింది. ఒకటి అయిపోతే "ఇంకో మాట..." అంటూ మరొకటి. గేరాయన రెండుసార్లు మధ్యలో దూరబోయాడు. సందు దొరకలేదు. భయం కాస్తా చిరాకైంది. చిరాకు కాస్తా ఆవులింతైంది. ఆసుపత్రి గేటు ముందు బండి ఆపుతుండగా గొంతు, "ఇక మైలేజీ సంగతి..." అని ఎత్తుకోగానే ఆయన స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"అయ్యా! చంపితే చంపెయ్యండి... మైలేజీ గురించి మాత్రం చెప్పకండి!"

గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. ముందు తలుపు తీసి తల లోపల పెట్టి, మొహం ముడుచుకుంది.

"ఇదేంటండీ... మీరూ ఉండి, మళ్ళీ మీ గొంతు కూడానా?"

"నా... గొంతా?"

బావమరిది అప్పటికి చెవుల్లోంచి వేళ్ళు తీశాడు. సీటు సందులోంచి ఫోను లాగి చూసి, కిందికి దిగి పొట్ట పట్టుకుని నవ్వాడు. గేరాయన రోజూ రాత్రి భార్య నిద్ర చెడకూడదని బాత్రూంలో కూర్చుని, గుసగుసగా రికార్డు చేసి బంధువుల గ్రూపులో పెట్టే మెసేజీలు! ఫోను జారినప్పుడు వేలు తగిలి, సొరంగం దాటి సిగ్నల్ రాగానే ఒకదాని వెనక ఒకటి కారు వెనక స్పీకర్లలోంచి మోగుతున్నాయి. బయట నుంచి వింటే తన గొంతు తనకే పరాయిదైపోయింది.

గేరాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. భార్యను చూసి మెల్లగా అడిగాడు. "నువ్వు పాత కారెక్కనిది..."

"కారు ఆగిపోతుందని కాదండీ. కారు ఆగినా మీరు ఆగరు."

బావమరిది వెనక కుడివైపు తలుపు తీసుకుని ఎక్కాడు, ఆవిడ ముందు కూర్చుంది. బండి కదిలాక గేరాయన అడిగాడు. "ఈరోజు డ్యూటీ ఎలా జరిగింది?"

ఆవిడ ఆయన వంక వింతగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ ప్రశ్న విన్న గుర్తు లేదు. మెల్లగా మొదలుపెట్టి, ఇక ఆపలేదు. వార్డులో పొద్దున్నే అలిగిన ముసలాయన సంగతి, మంచాల కోసం డాక్టరుతో వేసుకున్న తగువు... ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. నిజంగానే విన్నాడు. సొరంగం వచ్చిందన్న ధ్యాస కూడా లేదు. అందులోకి దిగబోతుండగా ఎందుకో గుర్తొచ్చి, నవ్వుతూ బావమరిదితో అన్నాడు.

"ఒరేయ్, మరి ఆ బెల్టు భలే పెట్టావురా!"

"బెల్టా?" వెనక నుంచి బావమరిది గొంతు సన్నగా వచ్చింది. "ముందు కూర్చున్నవాణ్ణి వెనక బెల్టు ఎలా పెడతాను బావా... నువ్వు పెట్టావేమో అనుకున్నా..." వాడు తలుపుకు అతుక్కుపోయాడు. "ఇక్కడ... ఇంకా పెట్టే ఉంది. బిగుతుగా."

బండి నెమ్మదించింది. దానంతటదే.

క్లిక్. తలుపు చప్పుడు. కుంగిన బండి కాస్త పైకి లేచింది. స్క్రీను మీద ఒక బొమ్మ పక్కకు జరిగి, గోడవారగా నిలబడింది.

మగవాళ్ళిద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. భార్య ఒక్కతే కిటికీలోంచి వెనక్కి చూసి, చెయ్యి ఊపింది.

"ఎవరండీ ఆయన? దారంతా ఒక్క మాట మాట్లాడలేదు... ఎంత నెమ్మదైన మనిషో!"