వేలెడంత ఊపిరి

"కాపలావాణ్ణి చంపేసి పెట్టె ఎత్తుకుపోయారు. మూడింటికి ఇంచోన్ రేవులో షిప్ కదిలేలోపు అది నా చేతిలో ఉండాలి, తేఇక్," అన్నాడు చీఫ్ బాన్.

ఏజెంట్ ప్యో తేఇక్ కూర్చోనైనా కూర్చోలేదు. "లోపల ఏముంది సార్?"

"ఒక పిల్ల గొంతు."

ఆరేళ్ల సోదమ్‌కు గాలిగొట్టం కుంగిపోయింది. సియోల్ ఆసుపత్రిలో యంత్రం మీద బతుకుతోంది. ఆ పిల్ల పొట్ట కొవ్వులోంచి కణాలు తీసి, ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి, వేలెడంత మృదులాస్థి గొట్టం తయారుచేశారు. విదేశీ ముఠాకు కావలసింది ఆ కిటుకు. మళ్లీ ఇంకోటి పెంచేదాకా పిల్ల ప్రాణం ఆగదు.

"పెట్టెలో వేడి ముప్పై డిగ్రీలకు దిగితే గొట్టం ఇక పనికిరాదు," హెచ్చరించాడు చీఫ్.

షిప్ కదలడానికి పన్నెండు నిమిషాలుంది. స్వీపర్ వేషంలో తేఇక్ తుడుపుకర్ర తోసుకుంటూ వెయిటింగ్ హాల్లోకి దూరాడు. ఎర్రకోటు, నల్ల కళ్లద్దాలు, ఒళ్లో వెండిరంగు పెట్టె. సోల్ హ్వాయోంగ్! రెండేళ్ల కిందట ముఠాలోకి తామే పంపిన మనిషి. ఇప్పుడు ఎవరి పక్షమో చీఫ్‌కే తెలియదు.

"ఇక్కడ పీతలు చౌకేనా?" గొణిగాడు. పాత కోడ్. మన మనిషైతే 'తినేవాడికే చౌక' అనాలి.

"వెళ్లిపో అన్నా. వెనక ఇద్దరున్నారు, కాల్చేస్తారు."

"ఆ పిల్లకు ఊపిరాడటం లేదు, హ్వాయోంగ్."

ఆమె ముఖం పాలిపోయింది. "ఏ పిల్ల? మందు నమూనా అన్నారు నాతో!"

"తినేవాడికే చౌక!" అంటూ పెట్టె అతని మీదికి విసిరింది.

తుపాకులు పేలాయి. ఆమె కూలింది. ఎర్రకోటు మీద నెత్తురు కంటికి ఆనలేదు. తేఇక్ తుడుపుకర్రలోని పొగగుండు పేల్చి, పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తాడు. రేవు పోలీసులు ముఠావాళ్ల మీద పడ్డారు.

కారులో చూసుకుంటే, పెట్టె హీటర్‌లోంచి బుల్లెట్ దూసుకుపోయి ఉంది. ముప్పై నాలుగు... ముప్పై మూడు... సియోల్ ఇంకా నలభై నిమిషాలు. బయట మంచు. గొట్టం ఉన్న, సీలు చెక్కుచెదరని సంచీని బయటికి లాగి, చొక్కా విప్పి ఒంటికి అదుముకున్నాడు. "చావకే తల్లీ, చావకు," అంటూ దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

సర్జన్ సంచీ అందుకునేసరికి ముప్పై ఒకటి డిగ్రీలు.

మర్నాడు పొద్దుగూకేవేళకు సోదమ్ యంత్రం లేకుండా ఊపిరి పీల్చింది. హ్వాయోంగ్‌కు ప్రాణగండం తప్పింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! రిపోర్టులో ఏ పరికరం వాడావని రాయమంటావ్?"

"పాతికేళ్లుగా డిపార్ట్‌మెంట్ విందుల్లో పెంచిన పొట్ట, సార్."