ఆపరేషన్ తూర్పు స్టాండు

"ఎడమకాలి చెప్పు ఒక్కటే కావాలి," అన్నాడతను.

"విడిగా అమ్మం. జత తీసుకోండి," అంది కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి, తలెత్తకుండా.

"కుడికాలిది మా అత్తగారింట్లో వదిలేసి వచ్చాను."

అది కోడ్. అమ్మాయి కౌంటర్ కింద బటన్ నొక్కింది. పిల్లల బూట్లున్న అర పక్కకు జరిగింది. ఈ కోడ్ రాసిన అధికారికి అత్తగారి వైపు వాళ్ళంటే మంట అని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఆయన రిటైరైనా కోడ్ మారలేదు. మార్చాలంటే ఫైలు కదలాలి.

అర వెనక మెట్లు దిగితే చీఫ్ ఆఫీసు. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఏ గదిలోకి అడుగుపెట్టినా, ఎంతటివాడైనా లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడాలి. ట్రైనింగ్‌లో మొదటి నెలంతా అదే నేర్పుతారు. తుపాకీ సంగతి రెండో నెలలో చూస్తారు.

వచ్చినవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో నత్త అంటారు. ఆలస్యానికి పెట్టిన పేరు కాదు. చప్పుడు లేకుండా ఎక్కడికైనా పాకిపోగలడని పెట్టారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. "ఫుట్‌బాల్ చూస్తావా?"

"ఎప్పుడైనా, సార్."

"ఇక రోజూ చూస్తావు. ప్రపంచ కప్పు మన దేశానికి రాబోతోంది. రేపు ఇన్‌స్పెక్షన్ టీమ్ కొత్త స్టేడియం చూడటానికి వస్తోంది. ఛైర్మన్ సరేనంటే మనకి. కాదంటే పక్కదేశానికి."

"థ్రెట్ ఎవరి నుంచి?"

"సాలెగూడు. విదేశీ ముఠా. రేపు సభలో పెద్ద స్క్రీన్ మీద మన ప్రచార సినిమా వేస్తాం. దాన్ని తప్పించి వాళ్ళ ఫిల్మ్ వేయాలని ప్లాన్."

"అందులో ఏముంది?"

"అబద్ధం."

"మీరు చూశారా, సార్?"

"చూడక్కర్లేదు. తూర్పు స్టాండు దగ్గర ఏమీ జరగలేదు."

తూర్పు స్టాండు మాట నత్త ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నత్త ఆ మాట మనసులోనే ఉంచుకున్నాడు.

పెద్దాయన సొరుగులోంచి ఒక రిఫరీ విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. "జామర్. ఊదితే చప్పుడు రాదు. స్టేడియంలో స్క్రీన్లన్నీ చచ్చిపోతాయి. ఒక్కసారే పనిచేస్తుంది. నువ్వు వెల్డర్ వేషంలో వెళ్తావు. టీమ్‌తో వచ్చే దుబాసీ మన మనిషే. ఏదైనా తేడా వస్తే ఆమెకు చెప్పు." ఫైలు తెరిచి అడిగాడు. "మీ బావ ఆ స్టేడియంలోనే పనిచేశాడు కదూ? దొరికాడా?"

"లేదు, సార్."

"మగాళ్ళన్నాక ఒక్కోసారి అలా వెళ్తారులే. వాడే వస్తాడు," అన్నాడు పెద్దాయన ఫైలు మూస్తూ.

ఆ మధ్యాహ్నం నత్త వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిరి నిండిన గదిలో ఇనప బల్ల ముందు నిలబడి, ఒక అంచు పళ్ళతో పట్టుకుని దుప్పటి మడుస్తోంది. తమ్ముణ్ణి చూసి రెండో అంచు అతని చేతికిచ్చింది.

"కంపెనీ వాళ్ళని మళ్ళీ అడిగావా?" అన్నాడు.

"అడిగా. అదే పాట. పని వదిలేసి ఎవత్తెతోనో వెళ్ళిపోయాడట. మా అత్తయ్య అది పట్టుకుంది. మొగుణ్ణి నిలుపుకోవడం చేతకాలేదని నన్నే అంటోంది."

"బావ అలాంటివాడు కాదక్కా."

"నాకు తెలుసు. ఊరికి ఎవరు చెబుతారు?" ఆమె దుప్పటి లాగి బల్ల మీద పరిచింది. "ఒరేయ్, చచ్చిపోయాడంటే ఏడుస్తాను. వదిలేసిపోయాడంటే తిట్టుకుంటాను. ఏదో ఒకటి చేయనివ్వాలి కదరా మనిషిని. ఏడిస్తే శాపం పెట్టినట్టవుతుందని భయం, తిడితే పాపమని భయం. నువ్వు గవర్నమెంటు మనిషివి. ఆ ఒక్క మాట కనుక్కుని రాలేవా?"

"కనుక్కుంటాను," అన్నాడు. ఇంతకుముందు కూడా అదే మాట అన్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున స్టేడియం పక్కన కార్మికుల హాస్టల్ కొత్త రంగుతో మెరిసిపోతోంది. అసలు కార్మికుల్ని ముందురోజే బస్సులెక్కించి ఎక్కడికో పంపేశారు. వాళ్ళ మంచాల మీద ఇప్పుడు డిపార్ట్‌మెంట్ గుమాస్తాలు, డ్రైవర్లు, టైపిస్టులు హెల్మెట్లు పెట్టుకుని కూర్చున్నారు. చేతులకు గ్రీజు పూసుకున్నారు గానీ గోళ్ళ కింద పూయడం మరిచిపోయారు. దిండ్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

టీమ్ వచ్చింది. ముందు ఛైర్మన్, భారీ మనిషి. వెనక అసిస్టెంటు. పక్కన నీలిరంగు సూటులో దుబాసీ. ఆమె తలుపు దగ్గర నిలబడి జుట్టు సవరించుకుంటే చాలు, అబద్ధపు వెల్డర్లందరూ అబద్ధపు పనులు కూడా మానేసి చూశారు. ఛైర్మన్ ఏదో అడిగాడు. ఆమె నవ్వుతూ తిప్పి చెప్పింది. "మీరంతా ఇక్కడ సంతోషంగా ఉన్నారా అంటున్నారు."

"ఉన్నాం," అన్నారందరూ ఒక్క గొంతుతో. ముందురోజు రిహార్సల్ చేశారు.

సరిగ్గా అప్పుడే వంటవాడు వచ్చాడు. తెల్ల టోపీ, ఏప్రన్, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో సూప్ బకెట్. ఆ వేషంలో ఉన్నది పెద్దాయన. మిషన్‌ను దగ్గరుండి చూసుకోవాలని ఆయనకే బుద్ధి పుట్టింది. ఆయన గడప దాటగానే హాస్టల్ మొత్తం ఒక్క ఉదుటున లేచింది. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డాలు పైకెత్తి, బొమ్మల్లా నిలబడిపోయారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది ట్రైనింగ్‌లో వచ్చింది, అయినా అంతే గట్టిగా పట్టుకుంది.

పెద్దాయన మొహం సూప్ కన్నా పల్చబడింది. ఛైర్మన్ ఆశ్చర్యంగా దుబాసీ వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకుంది.

"వంటవాడికి ఇంత గౌరవం ఇచ్చే దేశాన్ని తామెక్కడా చూడలేదట," అంది.

లేవనివాడు ఒక్కడే. మూల మంచం మీద నత్త వంగి కూర్చుని ఉన్నాడు. మంచం చట్రానికి ఒక తాడు చుట్టి ఉంది. దాని ముడి తిరగేసి ఉంది. ఎడమచేతివాటం ముడి. నత్తవాళ్ళ బావ పరంజాలు కట్టే మేస్త్రి. అక్క ఇంట్లో బట్టల తాడుకీ, ఊగే కుర్చీకాలికీ అన్నిటికీ ఇదే ముడి. దాన్ని విప్పాలంటే అక్క కూడా కత్తెర తీయాల్సిందే.

పరంజా మేస్త్రీలకు ఒక అలవాటుంది. పని మానినా, గొడవపడి పోయినా, చెప్పులు వదిలేస్తారు గానీ తాము వాడే ఒక్క తాడూ వదలరు. ప్రాణం వేలాడేది దాని మీదే కాబట్టి ఇంకొకడి తాడు నమ్మరు. బావ ఎవత్తెతోనో వెళ్ళిపోయుంటే ఈ తాడు ఇక్కడ ఎందుకుంది? నత్త ఆ ముడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

హాస్టల్ వెనక కుళాయిల దగ్గర దుబాసీ అతన్ని పట్టుకుంది.

"అందరూ లేచారు. మీరెందుకు లేవలేదు?"

"కాలు తిమ్మిరెక్కింది."

"తిమ్మిరికి కళ్ళలో నీళ్ళు రావు." ఆమె కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మాట్లాడింది. "నేను పెద్దాయన మనిషిని, అది మీకు తెలుసు. సాలెగూడు మనిషిని కూడా. అది ఇప్పుడు తెలిసింది. పట్టిస్తారా?"

"తూర్పు స్టాండులో ఏం జరిగింది?"

"పైకప్పు దిమ్మ కూలింది. కింద మనుషులున్నారు. తీయాలంటే మొత్తం విప్పాలి, ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. వాళ్ళ మీదే కాంక్రీటు పోసేశారు. పక్క పరంజా మీదున్న వెల్డర్ ఫోన్‌లో తీశాడు. మీవాళ్ళెవరైనా ఉన్నారా అందులో?"

"మా బావ."

ఆమె చేతులు తడవకపోయినా తుడుచుకుంది.

"పేపర్లకు ఇవ్వలేదా?" అన్నాడు.

"ప్రతి దేశంలో ఇచ్చాం. కప్పు ఎవరికో తేలాక చూద్దామన్నారు. అందుకే వీళ్ళ కళ్ళముందు వేయాలనుకున్నాం. రేపు ఏ ఒక్కడూ మాకు తెలియదండీ అనడానికి లేకుండా."

"విదేశీ ముఠా అన్నారు."

"విదేశీయులు ఇద్దరే. ఒక స్కూలు టీచరు, ఒక లాయరు. మిగతా అందరూ పోయినవాళ్ళ చుట్టాలు. ఆ లెక్కన మీరూ మెంబరే." ఆమె కుళాయి కట్టేసింది. "విజిల్ మీ దగ్గరుందని తెలుసు. ఊదితే మీ అక్క జన్మంతా పారిపోయినవాడి పెళ్ళామే."

సభ మొదలైంది. ఖాళీ స్టేడియంలో ముందు వరసలో ఛైర్మన్, చుట్టూ మంత్రులు. వెనక వంటవాడి టోపీతోనే పెద్దాయన. కంట్రోల్ రూమ్‌లో అద్దం వెనక నత్త ఒక్కడే ఉన్నాడు. దుబాసీ ప్రచార సినిమాలో తమ ఫిల్మ్ కలిపేసి, ఆపరేటర్‌ను ఏదో నెపం మీద బయటికి పంపేసింది. ఎదురుగా తూర్పు స్టాండు. కుర్చీలన్నీ ఎర్రగా, కొత్తగా ఉన్నాయి.

స్క్రీన్ మీద జెండాలు, పావురాలు, నవ్వే పిల్లలు. ఒక్కసారి బొమ్మ అదిరింది. జెండాల చోట దుమ్ము, ఇనుము, కేకలు వచ్చాయి.

"సాలెగూడు," అంది ఇయర్‌పీస్‌లో పెద్దాయన గొంతు. "ఊదు."

నత్త విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ట్రైనింగ్ అలాంటిది.

పరంజా మీద ఒక మనిషి కనిపించాడు. భుజం మీద తాడు చుట్ట. ఎడమచేత్తో ముడి బిగిస్తూ, తీస్తున్నవాడి వైపు చూసి నవ్వాడు. పైన మూడు పళ్ళు కనిపించేలా నవ్వే ఆ నవ్వు నత్తకు అక్క పెళ్ళినాటి నుంచి తెలుసు.

"ఊదు. ఏం చేస్తున్నావ్? ఊదరా."

నత్త విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. ఇయర్‌పీస్ కూడా తీసేశాడు. పైన దిమ్మ కదిలింది. నవ్వుతున్న మనిషి తలెత్తి చూశాడు. తర్వాత తెరంతా బూడిదరంగు అయిపోయింది. ఆ బూడిదలోంచి ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. తర్వాత కాంక్రీటు లారీ వచ్చింది. నత్త చివరిదాకా చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు.

మంత్రులు తమ బూట్లు చూసుకుంటున్నారు. ఛైర్మన్ మెల్లగా లేచి మైకు ముందుకు వచ్చాడు. దుబాసీ పక్కన నిలబడింది. ఆమె మొహంలో గెలిచిన వెలుగు నత్తకు అద్దంలోంచి కూడా కనిపించింది. ఛైర్మన్ ఒక్కో వాక్యం చెబుతుంటే ఆమె తెలుగులో తిప్పి చెప్పసాగింది.

"చాలా బాధాకరం. మా మనసు కదిలిపోయింది."

"ఏ దేశానికి వెళ్ళినా మాకు ఇలాంటిది ఒకటి చూపిస్తూనే ఉంటారు. పక్కదేశంలో ఇంతకన్నా పొడుగైనది చూపించారు."

"మా మార్కుల కాగితంలో పచ్చికకు గడి ఉంది. హోటళ్ళకు ఉంది. విమానాశ్రయానికి ఉంది. దీనికి లేదు." అక్కడ ఆమె ఆగింది. ఛైర్మన్ ఆమె వైపు చూశాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"టీవీ వాళ్ళు ఒప్పుకుంటే ప్రారంభోత్సవం రోజు మౌనం పాటిద్దాం. ఇక రెండో విషయం. ఇంత ఎండలో కూడా స్క్రీన్ మీద బొమ్మ ఇంత స్పష్టంగా రావడం మేమెక్కడా చూడలేదు. అభినందనలు."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు కావాలన్నాడట ఇంకొకడు. ఈయన ఆ నిప్పుకు మార్కులు కూడా వేశాడు. మంత్రులు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పెద్దాయన టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కప్పు మనకే దక్కింది, ఆ ఏడుపు ఎందుకో అందరికీ తెలుసు. దుబాసీ మాత్రం మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన నోటితోనే తన మిషన్‌ను పాతిపెట్టాల్సి వచ్చింది పాపం.

సాయంత్రం చెప్పుల దుకాణం కింద నత్త లేచి, చేతులు వెనక్కి కట్టుకోకుండా నిలబడ్డాడు.

"విజిల్ పనిచేయలేదు, అంతేగా?" అన్నాడు పెద్దాయన.

"ఊదలేదు, సార్."

"పనిచేయలేదు. అలాగే రాస్తున్నాను. ఏజెంట్ ద్రోహం చేశాడంటే కుట్ర సగం గెలిచినట్టవుతుంది. శత్రువుల కుట్ర భగ్నం. నీకు ప్రమోషన్."

"మరి దుబాసీ?"

"టీమ్‌తో విమానమెక్కి వెళ్ళిపోయింది. ఆమెను కూడా మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు ఛైర్మన్. అనువాదం బాగుందట."

నత్త విజిల్ బల్ల మీద పెట్టి మెట్లెక్కాడు.

లాండ్రీలో అక్క పని ముగించుకుని బల్ల తుడుస్తోంది. తమ్ముడి మొహం చూడగానే చేతిలో గుడ్డ కింద పెట్టేసింది.

"చెప్పు."

"పారిపోలేదక్కా. ఆఖరిదాకా పనిలోనే ఉన్నాడు. నేను చూశాను."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మొదట ఏడవలేదు. "నేను చెప్పలా," అంది. "నేను చెప్పలా వెళ్ళడని." ఆ మాటే అంటూ అంటూ ఉన్నట్టుండి బావురుమంది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా వచ్చేసింది. నత్తకు ఓదార్చడం రాలేదు. ఆమె పక్కన నేల మీద కూలబడి తనూ ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎక్కడున్నాడు?"

"తూర్పు స్టాండు కింద."

"వెళ్ళి చూడొచ్చా?"

"మ్యాచ్ ఉన్నరోజు పంపిస్తారు," అన్నాడు నత్త. "టికెట్ కొనుక్కోవాలి."