కొవారిక్ మామ్మ నీలిపువ్వుల గిన్నె

మా కార్వెల్ ఊళ్ళో ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా వెనక్కి వెళ్ళదు. పక్కింటామె ఏదైనా పెట్టి పంపిందనుకోండి, అది తిని, గిన్నె తోమి, మనం వండింది ఏదో ఒకటి అందులో పెట్టి ఇవ్వాలి. ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా అడుగున ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాసుకుంటాం. చర్చిలో పాదిరిగారు చెప్పిన నీతులు గుమ్మం దాటగానే మర్చిపోతాం గానీ, ఈ ఒక్కటి మాత్రం ఎవరూ మర్చిపోరు.

నేను మా అన్నయ్య మెర్ల్ ఇంట్లో ఉంటాను. నా పేరు లియోనా. పెళ్ళెందుకు కాలేదని నన్ను అడగనివాళ్ళు ఊళ్ళో లేరు, నా చేత జవాబు చెప్పించుకున్నవాళ్ళూ లేరు. పగలు పెద్దవీధిలో బట్టల కొట్లో పని. అన్నయ్య ధాన్యం గిడ్డంగికి లారీ నడుపుతాడు. మా వదిన వెర్నా, వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు మార్లిస్. దానికి ఆరేళ్ళు.

వదిన మంచిదే. పంతం కాస్త జాస్తి. పారబోయడమంటే మాత్రం ప్రాణం పోతుంది ఆవిడకి. యుద్ధంలో వెన్నా పంచదారా రేషన్ చీటీల మీద తెచ్చుకుని సంసారం ఈదిన మనిషి. యుద్ధం అయిపోయింది, అన్నయ్య క్షేమంగా తిరిగొచ్చాడు, వంటింట్లోకి కొత్త ఫ్రిజ్ కూడా వచ్చింది. చెయ్యి మాత్రం మారలేదు. చెంచాడు గ్రేవీ మిగిలినా మూతపెట్టి దాస్తుంది.

మా పెరటి అవతల ఇల్లు కొవారిక్ మామ్మది. బొహీమియా నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. ఒంటరిగా ఉండేది, కూతురు అగ్నెస్ కాపురం ఊరవతల పొలంలో. ఆలూబుఖారా గుజ్జు పెట్టి కాల్చిన మెత్తటి రొట్టెలు చేసేది మామ్మ, కొలాచీలంటారు. అవి కాలుతుంటే ఆ వాసనకి మా వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేసేవి. ఆ సెప్టెంబరులో నీలిపువ్వుల గిన్నె నిండా పెట్టి మాకు పంపింది. మార్లిస్ ఒక్కతే సగం లాగించేసింది.

ఇక గిన్నె తిరిగి ఇవ్వాలి కదా.

ఆ ఏడు మాకు బీన్స్ విరగకాసాయి. చలికాలానికి వాటిని సీసాలకెత్తాలంటే పెద్ద ప్రెషర్ కుక్కరు ఉండాలి. ఉత్తి నీళ్ళలో ఉడికిస్తే లోపల విషం పుడుతుందని రేడియోలో ఊదరగొడుతూనే ఉంటారు. చర్చి ఆడవాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒకటే కుక్కరు, వంతులవారీగా ఇల్లిల్లూ తిరుగుతుంది. మా వంతు వచ్చేదాకా ఆగితే కాయలు ముదిరిపోతాయని వదిన బట్టలు ఉడకబెట్టే గంగాళంలోనే సీసాలు ఉడికించేసింది.

"మా అమ్మ జన్మంతా ఇలాగే చేసింది. మేమెవరమైనా చచ్చామా?" అంది.

అక్టోబరులో ఒక సీసా విప్పి, ఉల్లిపాయలు, వెనిగరు, పంచదార వేసి, పొయ్యి ఎక్కించకుండా చల్లగా సలాడ్ కలిపింది. నీలిపువ్వుల గిన్నెలో పెట్టి నా చేతికిచ్చి, "మామ్మకి ఇచ్చిరా" అంది. నేనే తీసుకెళ్ళాను. మామ్మ గుమ్మంలోనే వేలితో ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"మీ వదిన వెనిగరు మీద పగబట్టిందా ఏంటే పిల్లా?" అని నవ్వి, ఇంకో ముక్క తీసుకుంది.

మర్నాటి సాయంత్రానికి మామ్మకి ఒక్క దీపం రెండుగా కనబడుతోందన్నారు. రెప్పలు వాలిపోయాయి. నాలుక మొద్దుబారింది, మింగుడు పడలేదు, చివరికి ఊపిరి కూడా ఆడలేదు. డాక్టరు పక్షవాతమన్నాడు. పెద్ద వయసు కదా, ఎవరూ మారుమాట అడగలేదు. సమాధి దగ్గర వదిన ఏడ్చిన ఏడుపుకి అగ్నెసే ఓదార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత అగ్నెస్ మామ్మ ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

నవంబరులో ఒక సాయంత్రం నేను కొట్టు నుంచి ఇంటికొచ్చాను. ఆకాశం మసిపట్టి ఉంది. మంచు ఇంకా మొదలవలేదు. అన్నయ్య లోడు వేసుకుని జిల్లా కేంద్రానికి వెళ్ళాడు, రాత్రికి అక్కడే ఉండిపోతానని కబురు పెట్టాడు. వంటింట్లో వదిన కుర్చీలో కూర్చుని బల్ల వైపు చూస్తోంది. కోటు కూడా విప్పలేదు. మార్లిస్ ఒక మూల నేలమీద బొమ్మలు గీసుకుంటోంది.

బల్ల మీద నీలిపువ్వుల గిన్నె. నిండా కొలాచీలు.

చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉన్నాయి. ఆలూబుఖారా వాసన గుమ్మంటోంది. దాని అడుగునుంచి ఇంకేదో వాసన... పచ్చి ఉల్లిపాయ, వెనిగరు.

"అగ్నెస్ వచ్చిందా?" అన్నాను.

"కాదత్తా, కొవారిక్ మామ్మ" అంది మార్లిస్, తల ఎత్తకుండానే.

"నోర్ముయ్!" అంది వదిన.

"నిజం. పెరటి మెట్ల మీద నించుంది. పాపం, కళ్ళు తెరవలేకపోతోంది. తల ఇలా వెనక్కి వంచి, రెప్పల కిందనుంచి చూసింది." అది తల వెనక్కి వాల్చి చూపించింది. "గిన్నె మళ్ళీ ఎప్పుడిస్తారని అడిగింది. మాట ముద్దముద్దగా వస్తోంది."

దాన్ని ముందుగదిలోకి పంపి తలుపు వేశాను. వదినే గొణిగింది.

"దాని మూత ఉబ్బి ఉంది, లియోనా."

"దేని మూత?"

"ఆ బీన్స్ సీసాది. వేలు పెట్టి నొక్కితే టక్కుమంది. విప్పితే బుస్సుమంది. వాసన పెద్దగా లేదు... కొంచెమే. పారబోద్దామని తొట్టి దాకా తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు. అంత సీసాడు..."

"మనం ఎందుకు తినలేదు మరి?"

వదిన బల్ల మీది గిన్నెని వేలితో దూరంగా నెట్టింది. మన బల్ల మీదకి పనికిరానిది పక్కింటి బల్ల మీదకి పంపింది. మోసుకెళ్ళింది నేను. మామ్మ వేలు గిన్నెలోకి వెళ్ళడం, నవ్వడం, ఇంకో ముక్క తీసుకోవడం, అన్నీ గుర్తొచ్చాయి. నేనేం చేశాను, నాకేం తెలుసు అని మనసులో ఎంత అనుకున్నా, ఆ గిన్నె బరువు ఇంకా నా చేతుల్లోనే ఉన్నట్టుంది.

"అగ్నెస్‌కి ఫోన్ చేసి చెప్పెయ్ వదినా. ఉన్నదున్నట్టు చెప్పెయ్."

వదిన లేచి గోడ దగ్గరకు వెళ్ళి ఫోన్ తీసింది. ఎక్స్‌ఛేంజిలో గ్లాడిస్ గొంతు హుషారుగా పలికింది, నంబరెంతని. వదిన పెదవులు కదిలాయి. ఫోన్ పెట్టేసింది.

"గ్లాడిస్ చెవిన పడిందంటే తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. నన్నేమన్నా పడతాను. మార్లిస్ మాటేంటి? బళ్ళో దాని పక్కన ఎవరు కూర్చుంటారు? విషం పెట్టినదాని కూతురంటారు. నా కూతుర్ని నేనే ఎలా బలిపెట్టను, చెప్పు!"

ఫోన్ నేను కూడా తియ్యొచ్చు. తియ్యలేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్రిజ్ మూలుగుతూ ఆగిపోయింది. కిటికీ బయట మంచు పడడం మొదలైంది, చప్పుడు లేకుండా, దట్టంగా. నేను కిరోసిన్ దీపం వెలిగించాను. చీకట్లో వెనిగరు వాసన ఎక్కువైంది. గోడల్లోంచి వస్తున్నట్టు... మా బట్టల్లోంచి వస్తున్నట్టు...

పెరటి తలుపు మీద చప్పుడైంది.

వేళ్ళతో కొట్టినట్టు లేదు. చేతుల్లో ఏదైనా ఉన్నవాళ్ళు మోచేత్తో కొట్టినట్టుంది. మెత్తగా. ఆగి, మళ్ళీ.

వదిన నా చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి.

"గి...న్నె..."

తలుపు అవతల ఎవరో తడి గుడ్డలోంచి మాట్లాడినట్టుంది. నాలుక తిరగడం లేదు. ఒక్కో అక్షరానికీ ఊపిరి చాలడం లేదు.

"చె...ప్పు..."

ఆ రెండో మాట నేను విన్నాను. వదిన కూడా విన్నది. విన్నదని దీపం వెలుగులో ఆవిడ ముఖమే చెప్పింది. ఇద్దరం కదల్లేదు. కాసేపటికి మెట్ల మీద ఏదో ఈడ్చుకుంటూ దిగిపోయిన చప్పుడు... ఆ తర్వాత మంచు తప్ప ఏమీ లేదు.

"గిన్నె అడుగుతోంది" అంది వదిన.

"గిన్నె కాదు వదినా. చెప్పమంటోంది."

"గిన్నే! ఇచ్చేస్తే పోతుంది. మంచిది పెట్టి ఇచ్చేస్తే పోతుంది."

కొలాచీలన్నీ పొయ్యిలోకి కుమ్మరించింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. ఆదివారానికని వండి దాచిన మాంసం తీసి, మెత్తగా ఉన్న ముక్కలన్నీ ఏరి పెట్టింది, పైన కొత్త వెన్న వేసింది. పారబోయడానికి చెయ్యిరాని మా వదిన అలా వెన్న వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. "ఈసారి మంచిదే మామ్మా, ఈసారి మంచిదే" అని గొణుక్కుంటూనే ఉంది. గుడ్డ కప్పి, లాంతరు పట్టుకుని బయల్దేరింది.

"నేనూ వస్తాను."

"నువ్వు మార్లిస్ దగ్గరుండు."

ఉండాల్సింది. నా ఖర్మ, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి చల్లారిపోతోందని బొగ్గు వెయ్యడానికి నేలమాళిగలోకి దిగాను. నిజం చెప్పాలంటే కొలిమి అంతగా చల్లారలేదు. ఆ వంటింట్లో, ఆ తలుపుకి ఎదురుగా కూర్చోలేకపోయాను.

పైకొచ్చేసరికి ముందుగది ఖాళీ. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

"మార్లిస్!" అని అరిచాను. మంచు నా అరుపుని మింగేసింది. దీపం వెలుగులో బూట్లు వెతుక్కుంటూ ఉండగా, పెరట్లోంచి లాంతరు వెలుగు కనబడింది. వదిన వస్తోంది. గుమ్మంలోకి వచ్చాక చూశాను, పక్కన మార్లిస్. చేతిలో బూటు అక్కడే వదిలేశాను.

"నా వెనకే వచ్చేసింది దొంగపిల్ల" అంది వదిన. నెల్లాళ్ళుగా చూడని తేట ఉంది ఆవిడ ముఖంలో. "తాళం వేసి ఉంటుంది, మెట్ల మీద పెట్టొచ్చేద్దామనుకున్నాను. తలుపు తీసే ఉంది లియోనా. లోపల పొయ్యి కూడా వెలుగుతోంది. బల్ల మీద పెట్టి తిరిగి చూస్తే ఇది నా పక్కనే నించుంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను."

"ఎవరైనా కనబడ్డారా?"

"ఎవరూ లేరు. అయిపోయింది. ఇంక అయిపోయింది."

పాలు వెచ్చబెట్టింది, రొట్టె కోసింది. మార్లిస్ కోటు విప్పి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పాటలాంటిదేదో కూనిరాగం కూడా తీసింది. నాకూ ప్రాణం కుదుటపడింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇంక అగ్నెస్‌కి చెప్పనక్కర్లేదని నాకు సంతోషమే వేసింది.

పెరటి తలుపు సరిగ్గా పడలేదని దీపం పట్టుకుని వెళ్ళాను. మంచు పడడం ఆగిపోయింది. పెరడంతా తెల్లగా, అచ్చు తీసినంత స్పష్టంగా ఉంది. వదిన బూట్ల అడుగులు మామ్మ ఇంటివైపు వెళ్ళాయి. వాటి పక్కనే చిన్న చిన్న అడుగులు, మార్లిస్‌వి. తిరిగొచ్చిన అడుగులూ ఉన్నాయి.

వదినవి మాత్రమే.

దీపం కిందకి దించి మళ్ళీ చూశాను. మామ్మ గుమ్మం దాకా చూపు సాగినంత మేరా చూశాను. చిన్న అడుగులు వెళ్ళాయి. అంతే. రాలేదు.

"వదినా..." అన్నాను. "వచ్చేటప్పుడు... పిల్లని ఎత్తుకున్నావా?"

"ఇంత బరువుదాన్నా? నడిపించుకునే వచ్చాను" అంది వదిన పొయ్యి దగ్గర్నుంచే. "తలుపు వేసి రా, చలేస్తోంది."

ఆవిడ వెనక, దీపం వెలుగు సగమే పడుతున్న చోట, మార్లిస్ ఇంకో రొట్టె ముక్క వెయ్యమని కంచం ముందుకు జరిపింది.