తొడుగుకు రెండు వైపులు

జగన్నాథపురం వంతెన మీద బస్సు ఒక్కసారి కుదుపు ఇచ్చేసరికి తారకేశ్వరి చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాపి కమ్మీని పట్టుకుంది. వేళ్లు ఆనగానే కమ్మీ మీది పొర క్షణంపాటు చల్లబడి, ఆపైన మెత్తబడింది. అది ముందుగా చర్మాన్ని రుచి చూస్తుంది. ఆ ఒంటికి పడని మాంసకృత్తులేవైనా తనలో ఉంటే లోపలికి దాచుకుని, అప్పుడు ఆనుతుంది. సమ్మతిపొర అని దాని పేరు. తొట్లలో పెరిగే ఒక శిలీంధ్రం నుంచి పుట్టిన ఆ పొర వచ్చాక చెప్పులు, బుడగలు, బట్టల సాగే పట్టీలు, ఆసుపత్రి గొట్టాలు, చేతి తొడుగులు అన్నీ దానితోనే తయారవుతున్నాయి. రబ్బరుచెట్టు పాల అవసరం తీరిపోయింది.

ఆ మార్పు తారక లాంటివాళ్ల కోసమే మొదలైంది. ఆమె వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టింది. పసితనంలో వరసగా శస్త్రచికిత్సలు. అప్పటి రబ్బరు తొడుగులు, గొట్టాలు తాకీ తాకీ ఆమె ఒళ్లు లేటెక్స్‌ను, అంటే రబ్బరు పాలను, శత్రువుగా గుర్తుపెట్టుకుంది. పాత రబ్బరు ముక్క తగిలితే చాలు, ఊపిరి అందేది కాదు. సమ్మతిపొర వచ్చాకే తల్లి ధైర్యం చేసి ఆమెను బడికి పంపింది.

బడిలో నర్సు ఎస్తేరురాణి. ఆమె వాడే సమ్మతిపొర తొడుగులు ఒకసారి వాడి పారేసేవి కావు. కడిగి పోషకద్రవంలో ఉంచితే ఏళ్ల తరబడి బతుకుతాయి. తారక కోసమే ఎస్తేరు ఒక జత విడిగా పెంచింది. పూటపూటా వాటిని వేసుకుని గొట్టంతో మూత్రం తీసేది, కాళ్లకు పట్టీలు బిగించేది, కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టేది. చదువు అయ్యేదాకా తారకకు ఆ చేతులే ఆధారం.

ఇప్పుడు తారక రేవులో ఓడల రాకపోకలు చూసే ఉద్యోగి. ఎస్తేరేమో రక్త క్యాన్సరుతో ఆసుపత్రి మంచం మీద ఉంది. ఎముక మూలుగ ఇస్తానని వచ్చిన తమ్ముడిది సరిపడలేదు. కిందటి వారం చూడటానికి వచ్చిన తారక, వద్దన్నా వినకుండా తన రక్తం కూడా పరీక్షకు ఇచ్చి వెళ్లింది. ఈ ఉదయం డాక్టర్ నస్రీన్ ఆమెను రమ్మని కబురు పెట్టింది.

తారక బస్సు దిగి ఎస్తేరు ఉన్న గదిలోకి రాగానే నస్రీన్ గోడ మీది తెరను వెలిగించింది.

"ఇవి సిస్టర్ కణాలు. పక్కన వాళ్ల తమ్ముడివి."

తెర మీద కణాలు ఎదురుపడ్డాయి. క్షణాల్లో ఒకదాన్నొకటి చుట్టుముట్టి చీల్చుకున్నాయి.

"ఇప్పుడు తారకవి చూడండి."

రెండు గుంపులూ కలిశాయి. ఏమీ జరగలేదు. ఒకే వీధిలో పుట్టి పెరిగినవాళ్లు సంతలో ఒకరినొకరు ఒరుసుకుంటూ సాగిపోయినట్టు, ఆ కణాలు నెమ్మదిగా ఒకదాని పక్కనుంచి ఒకటి జరిగిపోతున్నాయి. నస్రీన్ కూడా ఆ దృశ్యాన్ని మొదటిసారి చూస్తున్నట్టే చూస్తోంది.

"అదెలాగండీ?" అంది ఎస్తేరు. "మాకూ వాళ్లకీ చుట్టరికం లేదు కదా."

"లెక్క ప్రకారం మీ ఇద్దరికీ పోలిక లేదు సిస్టర్. కానీ తొడుగుకి రెండు వైపులుంటాయి. లోపల మీ చెయ్యి, బయట ఈ అమ్మాయి ఒళ్లు. ఇద్దరికీ పడేలా ఉండాలని అది ఇద్దరినీ నేర్చుకుంది. నేర్చుకున్నది అటూ ఇటూ చేరవేసింది. అన్నేళ్లపాటు మీ ఒంటిని ఆమెకీ, ఆమె ఒంటిని మీకూ అలవాటు చేసింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఇది ఊహించలేదు. మేమూ ఊహించలేదు."

ఎస్తేరు ముఖం పక్కకు తిప్పుకుంది. "వద్దమ్మలూ. పుట్టిన కాడ్నించీ నీకు సూదులే. ఇప్పుడు నా కోసం ఇంకోటా?"

"చిన్నప్పుడు సూది వేసేముందు నన్ను అడిగేవారు కదా, వెయ్యనా అని?"

"అడిగేదాన్ని."

"నేను వద్దంటే?"

"వేసేసేదాన్ని."

"మరింకేంటండీ!"

ఎస్తేరు నవ్వబోయి ఏడ్చేసింది.

తారక చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని యంత్రం వడకట్టి మూలకణాలను వేరుచేసింది. లేత గులాబీ రంగు ద్రవం చిన్న సంచిలో చేరి, చుక్కచుక్కగా ఎస్తేరులోకి దిగింది. ఎవరూ చూపకుండానే ఆ కణాలు దారి వెతుక్కుని ఎముకల్లోకి చేరాయి, అక్కడ కొత్త రక్తాన్ని పుట్టించడం మొదలుపెట్టాయి. వానాకాలం వెళ్లేసరికి ఎస్తేరు ఇంటికి వచ్చింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఎస్తేరు వసారాలో కూర్చుంది. చాన్నాళ్లకు నాలుకకు రుచి తెలుస్తోందంటూ అరటిపండు ఒలిచి సగం తినేసింది. ఎదురుగా కూర్చున్న తారకతో ఏదో చెప్పబోయి ఆగింది.

"ఇదేంటే, పెదాలు జిలగా ఉన్నాయి. గొంతు కూడా పట్టేస్తంది."

తారక కళ్లు ఆమె మెడ మీద లేస్తున్న ఎర్రటి దద్దుర్ల మీద పడ్డాయి. "కింద పెట్టేయండి! ఇంక మింగొద్దు!" అంటూ కుర్చీని దగ్గరికి తిప్పి, తన సంచిలోని అత్యవసర సూది తీసి ఎస్తేరు తొడలో గుచ్చింది. అంబులెన్సుకు ఫోను చేసి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. "నన్ను చూడండి. నాతోపాటే పీల్చండి. మెల్లగా."

కాసేపటికి ఊపిరి దారికొచ్చింది.

"రబ్బరు పాలు పడనివాళ్లలో చాలామందికి అరటిపండూ పడదు," అంది తారక. "మీ ఒంట్లో ఇప్పుడున్నది నా రక్తం. నా జబ్బు కూడా మీకిచ్చేశాను సిస్టరమ్మా. క్షమించండి."

ఎస్తేరు గుండె మీద చెయ్యి వేసుకుని, లోపల ఎవరో ఉంటే విన్నట్టుగా వింటూ ఉండిపోయింది. తన నోరు జీవితమంతా తిన్న పండును ఈ కొత్త రక్తం వెనక్కి నెట్టింది. తాను ఎన్నడూ పడని బాధ దానికి గుర్తుంది.

"నీకూ ఇలాగే ఉండేదా?" అని అడిగింది మెల్లగా. "గొంతుకి ఎవరో ముడేసినట్టు?"

తారక తలెత్తి చూసింది. తల్లికి ఎన్నిసార్లు చెప్పినా, ఎన్ని రకాలుగా చెప్పినా ఆ సంగతి ఆమెకు పూర్తిగా అందలేదు. డాక్టర్లు దానికి పేరు మాత్రమే చెప్పారు.

"ఇలాగే," అంది తారక. "సరిగ్గా ఇలాగే ఉండేది."

ఎస్తేరు ఆమెను దగ్గరికి తీసుకుంది. "నాకు తెలీలేదమ్మలూ," అంది. "అన్నేళ్లు పక్కనే ఉండి కూడా నాకు తెలీలేదు."