మూడు డ్రైవర్లు, పదకొండు పేర్లు

ముస్తఫాను లారీ గుద్దలేదు. లారీతో గుద్దించారు.

ఆ మాట చెప్పి చీఫ్ శెనక్కాయల బుట్ట మీద తువ్వాలు సర్దుకున్నాడు. పెనుకొండ బస్టాండులో ఆయనది శెనక్కాయల వ్యాపారి వేషం. ఏజెంట్ దేవేంద్ర పావుకిలో బేరమాడుతున్నట్టు నిలబడ్డాడు. "చిలమత్తూరు బస్సు పోయిందా?" "గొర్రెలు అడ్డమొచ్చి నిలబడింది" అనే కోడ్ మాటలు అప్పటికే అయిపోయాయి.

"ముస్తఫా పైకి హిందూపురంలో కంప్యూటర్ మెకానిక్. లోపల మనవాడు. విదేశీ ముఠా గుట్టు మనకు చేరవేసే పదకొండు మంది పేర్లు ఒక డిస్కులో దాచాడు. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్ సెంటర్ ఉంది. అక్కడి పాత యూనిక్స్ కంప్యూటర్ మెషీన్‌లో."

"అందులో గుడిబండ ఈరక్క పేరుందా?"

"ఉంది."

హోటల్ నడుపుకునే ఈరక్క ఒకప్పుడు దేవేంద్రను మూడు రోజులు వంటింట్లో దాచి, ముద్ద పెట్టి బతికించింది.

"మన ఏజెంట్ కల్పన మనల్ని అమ్ముకుంది. రెండు వైపులా పనిచేస్తోందని తెలిసేసరికి ముస్తఫా పోయాడు. సెంటర్ ఆమె చేతిలో ఉంది. కానీ తప్పు నొక్కితే చెరిగిపోతుందని డిస్క్ ఇంకా తెరవలేదు. ఆన్ చేయగానే డిస్క్ డ్రైవర్ ఎంచుకోమంటుంది. అంటే డిస్కుతో మాట్లాడే ప్రోగ్రాం. మూడున్నాయి. ఒకటి డిస్కును ఉన్నదున్నట్టు చదువుతుంది. ఒకటి అసలు గుర్తే పట్టదు. ఇంకొకటి అది కొత్త డిస్కు అనుకుని ముందు తుడిచేస్తుంది. మనకు కావలసింది ఆ తుడిచేది."

"ఎన్నో నంబరు?"

"ముస్తఫాకు తెలుసు."

"దాడి చేసి డిస్క్ పట్టుకొస్తే?"

"కోర్టు ఎగ్జిబిట్ అవుతుంది. పదకొండు పేర్లూ పదకొండు టేబుళ్లు తిరుగుతాయి. ముందు తుడుపు, తర్వాత అరెస్ట్." చీఫ్ శెనక్కాయలతోపాటు కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి చేతిలో పెట్టాడు. "దీని నాబ్ చివరికంటా తిప్పితే మనవాళ్లు వస్తారు. కల్పన బెంగళూరు నుంచి పిలిపించిన ఇంజనీర్ హిందూపురంలో మన కాపలాలో భోంచేస్తున్నాడు. అతని బదులు నువ్వు. నిన్నామె ఎప్పుడూ చూడలేదు."

మధ్యాహ్నానికల్లా దేవేంద్ర ధర్మవరంలో ఉన్నాడు.

కల్పన అందగత్తె. కాదంటే అబద్ధమవుతుంది. నల్లకళ్లద్దాలు, నెమళ్ల అంచు పట్టుచీర, చేయి వదలని హ్యాండ్‌బ్యాగ్. గది మూలలో అరవై దాటిన చౌడప్ప కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మెషీన్ మీద అంచులు గీసేది, మగ్గం ఏ పోగు ఎత్తాలో చెప్పే చిల్లుల అట్టలు కొట్టేది అతనే. ఆమె కట్టుకున్న నెమళ్లూ అతనివే.

"ముస్తఫా ఇంక రాడాప్పా?" అని దేవేంద్రను అడిగాడు. "వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే తింటాండె."

దేవేంద్ర తల అడ్డంగా ఊపాడు.

"పని చూడండి," అంది కల్పన.

తెర మీద మూడు వరుసలు. అన్నీ ఏవో బోర్డుల నంబర్లు. దేవేంద్ర ఒకటో నంబరు నొక్కాడు. డిస్క్ కనబడలేదని జవాబొచ్చింది. మళ్లీ ఆన్ చేశాడు. ఇక మిగిలినవి రెండు. మూడోది కొత్త డ్రైవర్‌లా ఉంది. కొత్తది పాత డిస్కును లెక్కచేయదు, తుడిచేస్తుంది. అలా అనుకుని వేలు మూడు మీదికి జరిపాడు.

"ఆగండి. చౌడప్పా, ముస్తఫా ఏది నొక్కేవాడు?"

ఈ పెద్దాయన నోట నిజం ఊడిపడితే ఈరక్క హోటల్ ముందు కూడా ఒక లారీ ఆగుతుంది.

చౌడప్ప తెరను చాలాసేపు చూశాడు.

"రెండు," అన్నాడు.

"పాత మెషీన్ మేడమ్, ముందు మూడు చూద్దాం," అన్నాడు దేవేంద్ర.

తొందరపాటు గొంతులో తెలిసిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. "లే," అంది కల్పన. అతను లేస్తూ నాబ్ తిప్పేసి ప్లగ్గు మీదికి దూకాడు. పిస్టల్ పిడి కణతకు తగిలి కూలబడ్డాడు. ఆమె రెండు నొక్కింది.

నాలుగు సెకన్లు డిస్క్ గరగరలాడింది. ముస్తఫా చావు వృథా అయిందని దేవేంద్రకు ఏడుపొచ్చింది.

తెర మీద అక్షరాలొచ్చాయి. డిస్క్ సిద్ధం. ఫైళ్లు సున్నా.

"ముసలోడా," అని కల్పన పిస్టల్ తిప్పేలోగా దేవేంద్ర మల్టీమీటర్ విసిరాడు. అది ఆమె మణికట్టుకు తగిలి, పేలిన గుండు పైకప్పులోకి పోయింది. పక్క గదిలో పడుగు దారాలు అతుకుతున్నట్టు నటిస్తున్న చీఫ్ మనుషులిద్దరు లోపలికొచ్చి ఆమె చేతులు విరిచిపట్టారు.

చౌడప్ప దేవేంద్రను లేపి కూర్చోబెట్టాడు.

"ముస్తఫా మూడే నొక్కేటోడు. ముందొకసారి నేను తెలీక రెండు నొక్కితే ఆరు నెలల పని మాయమైపాయ. ఆయప్ప తిట్టలా. పక్కన కూచోని మళ్లీ గీయించె."

"మరి ఇప్పుడెందుకు పెద్దాయనా?"

"ఈయమ్మ ఫోన్లో లారీ వానికి ముస్తఫా బండి నంబరు చెప్తాంటే నా చెవిన పడె. ఎవురికి చెప్పల్లో తెలీలా. మూడు దినాలు ముద్ద దిగలా. ఈయమ్మకు కావాల్సింది దొరక్కూడదు అనుకున్నా, అంతే."

"మీ అంచులన్నీ?"

"మగ్గాలకెక్కినవి అట్టల్లో ఉండాయిలే, ఊరంతా యాలాడతాండాయి. ముస్తఫా కూతురు షబానాకని గీసింది ఒకటి, ఇంకా అట్టలు కొట్టలా. అది పాయ." కళ్లు తుడుచుకున్నాడు. "మళ్లా గీస్తా. చేతికి గుర్తుండాది."

దేవేంద్ర ఆ చేయి పట్టుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. తుడిచేది రెండోదని ఎలా కనిపెట్టావు?"

"స్థానిక నిపుణుడి సలహా సార్."

"నిన్నే వదిలేసుంటే ఏది నొక్కేవాడివి?"

దేవేంద్ర తన వేలి వంక చూసుకున్నాడు.

"అది కూడా డిస్కుతోపాటే తుడిచిపెట్టుకుపోయింది సార్."