తోకమనిషి

వాన తెరిపివ్వని ఆ అడవిలో, జాతీయ పార్కు వాళ్ళు వేసిన కాలిబాట చివర ఒక వాగుంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాన్ని దాటితే... దిగినవాళ్ళకంటే ఒడ్డెక్కినవాళ్ళు ఒకరు ఎక్కువుంటారట!

నవ్వకండి. ముందు ఇలా దగ్గరికి జరగండి. దేవుడి ఎదుట నిలబెట్టి అడిగినా ఇదే చెప్తాను. నాకు చెప్పినవాడు స్వయంగా వెళ్ళొచ్చినవాడు, ఈ కథలోని బావే. అంతకుముందు దెయ్యాలంటే పకపకా నవ్వినవాడే.

బావ, అతని బావమరిది వీపున బ్యాగులేసుకుని బయల్దేరారు. తల్లిదండ్రులు పోతే ఆ కుర్రాణ్ణి అక్కే పెంచింది. "వాణ్ణి తీసుకెళ్ళినట్టే తీసుకురండి. లేదంటే మీరూ రాకండి" అని గుమ్మంలోనే చెప్పేసింది.

దారి చూపడానికి ఒక పెద్దాయన ముందు నడిచాడు. ఆ వానలో పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకే ముగ్గురినీ ఒకే తాడుకి కట్టాడు. ముందువాడు ఒకసారి గుంజితే, వెనకవాడు రెండుసార్లు గుంజాలి — ఉన్నానని. అందరికన్నా చివర నడిచేవాణ్ణి అక్కడ తోకమనిషి అంటారు.

తోక మన బావమరిదే. తాడు బ్యాగుకి ముడేశాడు.

"మనిషికి కట్టాలి బాబూ, మూటకి కాదు."

"నడుముకైతే గిలిగింతలండీ!"

సరేనని నడుముకి మార్చాడు. పెద్దాయన అటు తిరగ్గానే మళ్ళీ బ్యాగుకే! బావ చూశాడు... నవ్వి ఊరుకున్నాడు.

జలగలు పీక్కుంటూ పీక్కుంటూ పొద్దు పోగొట్టారు. చీకటి కమ్మేసింది. అడ్డంగా పడిన ఓ మాను కింద నుంచి ఒక్కొక్కరే దూరారు. అక్కణ్ణుంచి తాడు బరువెక్కింది.

"మీ అక్క వండిపెట్టిందంతా నాచేత మోయిస్తున్నావు కదరా!"

వాన హోరు. బావ ఒకసారి గుంజాడు.

వెనక నుంచి — రెండుసార్లు. హమ్మయ్య!

వాగులోకి దిగారు. మోకాళ్ళు... నడుము... రొమ్ము. మళ్ళీ గుంజాడు. ఈసారి ఆలస్యమైంది. అయినా వచ్చింది — మెల్లగా, ధైర్యం చెబుతున్నట్టు, రెండుసార్లు.

అవతలి ఒడ్డున విడిది గది. పెద్దాయన దీపం వెలిగించాడు. బావ తన ముడి విప్పుకుని, గుమ్మంలో నిలబడి తాడు లాగాడు.

బ్యాగొచ్చింది. బ్యాగొక్కటే!

బావ పై ప్రాణాలు పైనే పోయాయి. బ్యాగు ఊడదీసి తాడు బయటికి విసిరేశాడు. "నా పెళ్ళానికి ఏ మొహం చూపించను?" అంటూ వాగుకేసి పరిగెత్తబోతే, పెద్దాయన రెక్క పట్టుకుని ఆపాడు.

"ఉండు... అటు చూడు."

చీకట్లోంచి బావమరిది వస్తున్నాడు. కుడిచెయ్యి ముందుకి చాపి — ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు.

"ఏం పట్టు బావా అది! మాను దగ్గర బ్యాగు వీపు నుంచి దించి ముందుకి తోస్తే, చేతికందకుండా పోయింది. నువ్వు వెనక్కొచ్చి చెయ్యి అందించావు, సరే... వాగులో మణికట్టు విరిచేస్తావనుకున్నా!"

"నేను... రాలేదురా."

ముగ్గురూ ఆ మణికట్టు చూశారు. దాని మీద అయిదు వేళ్ళ అచ్చు, బురదతో.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

"మా బాబాయి. ఇక్కడే తోకమనిషిగా నడుస్తూ వరదలో పోయాడు. అందరూ చేరాక ముందువాడు 'చేరాం, ఇక రా' అని పిలవాలి. అప్పుడే తోకమనిషి పని అయినట్టు. ఆ రోజు ముందు నడిచింది మా నాన్న. భయపడి, పిలవకుండా పారిపోయాడు."

"మరి మీరైనా పిలవలేదా?"

"ధైర్యం చాల్లేదు నాయనా. పిలిస్తే... వస్తాడేమోనని."

బావ బావమరిది భుజం గట్టిగా పట్టుకున్నాడు. "మావాణ్ణి ఒడ్డుకి చేర్చాడు. పిలవండి."

పెద్దాయన గుమ్మంలోకి వెళ్ళాడు. ఆయన నడుముకి తాడు ఇంకా ఉంది; దాని కొస బయట చీకట్లో ఉంది.

"బాబాయ్! అందరం చేరాం... ఇక రా!"

వాన. వాన ఒక్కటే.

తాడు బిగిసింది. రెండుసార్లు గుంజింది.

ఆ తర్వాత... మెల్లమెల్లగా వదులవసాగింది. గది మెట్ల మీద తడి అడుగుల చప్పుడు.

ముగ్గురూ పక్కకి జరిగి, దీపం దగ్గర చోటిచ్చారు.