బావకిచ్చిన అధికారం

"రేపు పొద్దున్నే సామాను రోడ్డు మీద పడేస్తారట. ముందు నన్ను మోసుకెళ్లి పడెయ్యమనండి, చూస్తాను."

పుస్తకాలు బైండింగ్ చేసే ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే ఈ మాట అంది. కోర్టు గుమాస్తాగా రిటైరై డిటెక్టివ్ అయిన పెద్దాయనకు వణుకుతూ వచ్చే క్లయింట్లే అలవాటు. ఈవిడ తెగింపు ఆయనకు నచ్చింది. ఆయన ఏమన్నా శిలాశాసనంలా రాసుకునే అసిస్టెంటమ్మాయి అప్పటికే నోటుపుస్తకం తెరిచింది.

ఆర్నెల్ల కిందట చెయ్యి విరిగినప్పుడు, వర్క్‌షాపు నడపడానికీ అవసరమైతే అమ్మడానికీ ఆవిడ తన అక్క భర్తకు అధికారపత్రం రాసిచ్చింది. చెయ్యి బాగయ్యాక చూస్తే కంచే చేను మేసే ఏర్పాట్లలో ఉంది. సోమవారం ఆ అధికారాన్ని రద్దు చేస్తూ ఉత్తరం రాసి, బావ చేతికే ఇచ్చి సంతకం తీసుకుంది. ఆ సాయంత్రమే ముందు తలుపు తాళం మార్చింది. అయినా గురువారం బావ ఆ పాత కాగితమే చూపించి, వర్క్‌షాపును టైల్స్ వ్యాపారికి అమ్మేశాడు.

రద్దయిన కాగితం ఎలా చెల్లుతుందని అసిస్టెంటు అడిగింది.

"ఏజెంటు చేసిన పని యజమాని చేసినట్టే లెక్క. అధికారం తీసేసిన సంగతి కొన్నవాడికి తెలియకపోతే చట్టం వాడి పక్షానే ఉంటుంది. బావ దగ్గర నష్టపరిహారం రాబట్టుకోవచ్చు గానీ, వర్క్‌షాపు పోయినట్టే" అన్నాడు డిటెక్టివ్.

"పరిహారం ఎవరిక్కావాలండీ? ఇరవై రెండేళ్లు ఆ బల్ల దగ్గరే బతికాను. నా షాపు నాక్కావాలి."

ముగ్గురూ వర్క్‌షాపుకు వెళ్లారు. వెనక గదిలో చువ్వలు లేని కిటికీ బార్లా తెరిచి ఉంది. జిగురు ఆరడానికి గాలి కావాలి కాబట్టి దాన్ని ఎప్పుడూ మూయరట. కిటికీ కింద అట్టలు పరిచి ఉన్నాయి. బుధవారం పొద్దున వాటికి జిగురు రాసి, ఆవిడ పుస్తకాలు అప్పజెప్పడానికి లైబ్రరీకి వెళ్లింది. వాటిలో ఒక అట్ట మీద బూటు మడమంత గుంట పడి ఉంది. గది మూలనున్న ఇనుప ప్రెస్సును మంగళవారమే కూలీలతో అక్కడికి జరిపించింది. అది ఇంతకాలం ఉన్నచోట నేల అడ్డంగా పగిలి ఉంది.

బావను కలిస్తే, అడగకముందే తప్పంతా తనదేనన్నాడు. ఉత్తరం అందిన మాట వ్యాపారికి చెప్పలేదనీ, ఆయన అమాయకుడనీ రెండుసార్లు చెప్పాడు. ఇంత తొందరగా నేరం నెత్తిన వేసుకునే మనిషిని చూడలేదని డిటెక్టివ్ నవ్వాడు. వ్యాపారి మాత్రం నింపాదిగా మాట్లాడాడు. అంతకుముందు ఆదివారం బావగారే తాళం తీసి చూపించారనీ, మళ్లీ అటు వెళ్లలేదనీ, వెనక గది నేల అడ్డంగా పగిలి ఉన్నా సర్దుకుని కొన్నాననీ అన్నాడు.

మర్నాడు పొద్దున కూలీలతో వ్యాపారి, వెనకే బావ వచ్చేసరికి బైండింగావిడ గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. డిటెక్టివ్ అందరినీ వెనక గదిలోకి పిలిచాడు.

"ఆదివారం ఆ పగులు మీద ప్రెస్సు ఉంది. దాన్ని జరిపింది మంగళవారం. అంటే మీరు ఆ తర్వాతే లోపలికి వచ్చారు. అప్పటికి తాళం మారింది, బావగారి తాళంచెవి పనికిరాదు. ఇక మిగిలింది ఈ కిటికీయే. బుధవారం ఈవిడ లైబ్రరీకి వెళ్లినప్పుడు జిగురు ఆరని ఈ అట్ట మీద కాలు పడింది" అని అట్టను వ్యాపారి కాళ్ల దగ్గర పెట్టాడు. "బూటు పెట్టి చూపించండి."

వ్యాపారి కాలు వెనక్కి తీసుకున్నాడు. బావ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"అధికారం ఉన్నవాడు కిటికీ దూకడు. ఆయన వెనకే దూకిన మీకు అధికారం పోయిన మాట తెలియదంటే ఏ కోర్టూ నమ్మదు. తెలిసి కొన్నారు కాబట్టి ఆ అమ్మకం ఈవిడ మీద చెల్లదు. తప్పంతా బావగారు నెత్తిన వేసుకున్నది మీ అమాయకత్వం కాపాడటానికే."

ఆ రోజు కొలతలు చూసుకోవడానికే వచ్చానని గొణిగి వ్యాపారి కూలీలను పంపేశాడు. అసిస్టెంటు రాయడం కూడా మరిచి గురువుగారినే చూస్తూ నిలబడింది.

బైండింగావిడ లేచి బావ ఎదుటికి వచ్చింది. ఏనాడూ మీరు అనే తప్ప పలకరించని మనిషి, ఆ మర్యాద పక్కన పెట్టేసింది.

"ఆర్నెల్లు నువ్వు చేసిన ప్రతి పనీ నేను చేసినట్టే ఒప్పుకున్నాను, బావా. ఇది మాత్రం నీది. నువ్వే మొయ్యి."